చిల్లి పడి చెల్లిన వెండి

మన భాషలో చిల్లిగవ్వ యన్నచో దేనికిని కొరగానిదని యర్థము. చేతిలో చిల్లిగవ్వ లేదన్నవాడు తన లేమిని ఇంతకంటె క్లుప్తముగ చెప్పజాలడు. అయితే, పూర్ణమైన వెండినాణెము నడుమ బుద్ధిపూర్వకముగ చిల్లి పొడిచి, ఆ చిల్లి కారణముననే దానిని చెల్లునట్లు చేసిన సీమ యొకటి కలదు. అది ఆస్ట్రేలియా ఖండమునందలి న్యూ సౌత్ వేల్సు. కాలము 1813వ సంవత్సరము. ఆ వెండి అక్కడికి ఓడ యెక్కి పోయినది మన చెన్నపట్టణమునుండియే.

1943 మొదలుకొని కొన్నియేండ్లు మన దేశమున చెలామణియైన చిల్లికానీని మన యిండ్లలోని పెద్దలు కొందరు ఎరుగుదురు. యుద్ధకాలమున రాగిని పొదుపు చేయుటకై దాని నడుమ చిల్లి వేసిరి. సిడ్నీ నగరపు చిల్లి యుద్దేశము వేరు. ఆ నాణెము దేశము విడిచి పోకుండుటకై దానిని గాయపరచిరి. అట్లు పరదేశపు నాణెమును పట్టి, దానిపై తమ ముద్ర వేసికొని, దానితోనే దినములు గడపుకొన్న వలసరాజ్యముల వృత్తాంతమును ఈనాటి ప్రసంగమున మనవి చేయదలచితిమి.

మొదట ఆ వెండి పుట్టుక చెప్పవలెను. 16వ శతాబ్దిలో స్పెయిను దేశస్థులు అమెరికా ఖండములను ఆక్రమించిన పిమ్మట, మెక్సికోయందును, నేటి బొలీవియా దేశమున నున్న పొటోసీ కొండయందును అపారమైన వెండి బయల్పడెను. పొటోసీ వెండి తెల్లవారికి తెలిసినది 1545లో. చుట్టుప్రక్కల సీమలలోని ఆదిమవాసులు వంతులవారీగ వచ్చి ఆ గనులలో దిగవలెనని స్పెయిను ప్రభుత్వము శాసించెను. మీతా యని పిలువబడిన ఆ వెట్టిలో ఎన్ని ప్రాణములు పోయినవో లెక్క కందదు. ఆ వెండిని మెక్సికో, లీమా, పొటోసీ మున్నగు చోట్ల టంకసాలలలో నాణెములుగ అచ్చు వేసిరి. వానిలో పెద్దది ఎనిమిది రియాళ్ల నాణెము. ఆంగ్లేయులు దానినే స్పానిష్ డాలరనిరి. దాని బరువు సుమారు 27 గ్రాములు. మన లెక్కలో రెండుంబావు తులముల పైచిలుకు. 1772 మొదలు దాని కొకప్రక్క స్పెయిను రాజు తలయు, రెండవప్రక్క రెండు స్తంభముల నడుమ రాజలాంఛనమును ఉండెడివి.

ఈ డాలరు భూమి నంతటిని చుట్టివచ్చినది. మెక్సికో పడమటి తీరమునుండి మనీలాకును, మనీలానుండి చీనాకును పోయెను. అట్లాంటిక్ సముద్రము దాటి ఐరోపాకును, అటనుండి కంపెనీ ఓడలలో మన తీరమునకును వచ్చెను. అమెరికా సంయుక్తరాష్ట్రములు తమ సొంత డాలరును ముద్రించుకొన్న పిదపకూడ 1857 వరకు ఈ స్పానిష్ డాలరును చట్టసమ్మతమైన ద్రవ్యముగ అంగీకరించుచు వచ్చినవి. దాని కింతటి గౌరవము వచ్చుటకు కారణము స్పెయిను రాజుపై లోకులకు గల ప్రేమ కాదు. నాణెములు కొల్లలుగ దొరకుట యొకటి; తరతరములుగ బరువును, వన్నెయు ఇంచుమించుగ ఒక్కతీరున నిలుచుట రెండవది. ఏ రేవులోనైనను వర్తకుడు దానిని చేత బట్టి, కాంచి, తీసికొనగలడు.

అయితే ఎల్లెడల చెల్లు నాణెమున కొక దోషము కలదు. అది ఎచ్చటను నిలువదు. కొత్తగ ఏర్పడిన వలసరాజ్యమున పండునది తక్కువ, పరదేశమునుండి కొనవలసినది ఎక్కువ. బట్ట, పంచదార, బియ్యము, పనిముట్లు అన్నియు ఓడలో రావలెను. సరకు దింపిన ఓడ తిరిగి పోవునప్పుడు తీసికొనిపోవుటకు అక్కడ తగిన సరకు లేదు. కనుక నాణెము తీసికొని పోవును. రెండు మూడు ఓడలు వచ్చి పోవునప్పటికి ఊరిలో నాణెములు అడుగంటును. పిమ్మట కూలివానికి కూలి యిచ్చుట ఎట్లు? వస్తువు కొని మిగిలిన చిల్లర పుచ్చుకొనుట ఎట్లు? ఈ చిక్కు వెస్టిండీసు దీవులకును కలిగినది, కెనడా తీరపు దీవికిని కలిగినది. కాని దాని మూలమున సిడ్నీ ప్రజలు పడిన బాధ విలక్షణమైనది.

సిడ్నీ 1788 జనవరి 26న వెలసినది. బ్రిటను కారాగారములలో క్రిక్కిరిసిన ఖైదీలను ద్వీపాంతరవాసమునకు పంపుటకై ఏర్పడిన స్థావరమది. ఖైదీలకు తిండియు బట్టయు ప్రభుత్వపు కొఠారునుండి దొరకును గనుక అట్టిచోట ద్రవ్యముతో పనియేమని లండనులోని అధికారులు భావించిరి. కనుక నాణెముల ఏర్పాటు చేయలేదు. కాని శిక్ష ముగిసినవాడు పొలము దున్నుకొనెను, సైనికుడు జీతము పుచ్చుకొనెను, అంగడి వెలసెను. మనుష్యులు నలుగురు చేరినచోట ఇచ్చిపుచ్చుకొనుట తప్పదు. నావికుల జేబులనుండియు, వర్తకుల సంచులనుండియు ఏయే దేశపు నాణెములు రాలినవో అవియే ఆ ఊరి ద్రవ్యమైనవి.

1800 నవంబరులో గవర్నరు ఫిలిప్ గిడ్లీ కింగ్ ఒక ప్రకటనచేసి ఆ నాణెములకు వెలలు కట్టెను. ఆ పట్టిక చదివినచో మనకు ఆశ్చర్యము కలుగును. ఇంగ్లండు గినీతోపాటు పోర్చుగీసు జొహన్నా, డచ్చి గిల్డరు, డకాటు, మన మొహరీ అందు కలవు. స్పానిష్ డాలరు 5 షిల్లింగులు. రూపాయి రెండున్నర షిల్లింగులు. చెన్నపట్టణపు వరాహ 8 షిల్లింగులు. మన తెలుగునాట శిస్తు చెల్లించిన వరాహయే సిడ్నీ అంగడిలో రొట్టెకును మాంసమునకును మారినదన్నమాట.

నాణెములు ఊరు దాటకుండుటకై ఆ పట్టికలో వెలలను అసలు విలువకంటె కొంత హెచ్చుగ కట్టిరి. ప్రయోజనము స్వల్పమైనది. పెంచిన వెల కాగితముమీదిది. నాణెము మాత్రము చెక్కుచెదరని నిండు వెండి. కలకత్తానుండి సరకు తెచ్చిన వర్తకుడు తన ధరలను ఆ మేరకు పెంచుకొని, వెండిని మూటగట్టుకొని, ఓడ యెక్కెను.

మిగిలినదేమి? సారాయి. బెంగాలునుండియు, ఇతర రేవులనుండియు వచ్చు మత్తుద్రవ్యము లన్నింటికిని అక్కడ రమ్మను పేరే వ్యవహారములో నుండెను. ఓడలో వచ్చిన రమ్మును న్యూ సౌత్ వేల్సు పటాలమునకు చెందిన అధికారులు టోకున కొని, తాము నిర్ణయించిన ధరకు అమ్మిరి. ధాన్యమునకును రమ్మే, కూలికిని రమ్మే. ఒకనాటి కష్టమునకు ప్రతిఫలముగ సారాయి కొలిచి పోసినచో ఆ కూలివాని యింటిలో మిగులునదేమో వేరుగ చెప్పనక్కరలేదు. ద్రవ్యమునకు ఉండవలసిన మొదటి గుణము, దాచుకొన్నప్పుడు దాగియుండుట. ఈ ద్రవ్యము దాగదు, దాచనీయదు. చిన్నరైతులు అప్పులపాలై భూములు పోగొట్టుకొనిరి. 1807లో గవర్నరు విలియం బ్లై రమ్ముతో వస్తువులు మార్చుకొనుటను నిషేధించెను. మరుసటియేట, 1808 జనవరి 26న, పటాలమువారు తిరుగబడి అతనిని పదవినుండి దింపి బంధించిరి. తిరుగుబాటునకు ఇతర కారణములును ఉన్నవి గాని, చరిత్రలో దానికి నిలిచిన పేరు రమ్ము తిరుగుబాటనియే.

ఈ చిక్కునకు విరుగుడు అప్పటికే ఇతర దేశములలో వెదకబడుచుండెను. వెస్టిండీసు దీవులలో డాలరును ఉలితో ముక్కలుగ కోసి, ముక్కముక్కకు దీవి గుర్తు వేసి చిల్లరగ వాడిరి. కోసిన వెండికి కోతలోనే మోసము పుట్టినది. గడుసువాడు ఒక్క డాలరును నాలుగు పావులుగ గాక అయిదు పావులుగ కోసెడివాడు. కొన్ని దీవులలో ముక్కలు కోయుట మాని, నడుమ ఒక బిళ్లను మాత్రము తొలిచి, వలయమును బిళ్లను వేరువేరు నాణెములుగ నడపిరి.

సాక్షాత్తు లండనులోనే ఈ పని జరిగినది. ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచుండగ 1797 ఫిబ్రవరిలో బ్యాంకు ఆఫ్ ఇంగ్లండువారు నోట్లకు బంగారము చెల్లించుట నిలిపివేసిరి. చిల్లరకు వెండి కరవయ్యెను. బ్యాంకు నేలమాళిగలలో స్పానిష్ డాలర్లు కలవు. వానిపై స్పెయిను రాజు మెడమీద, కంసాలిముద్ర యంత చిన్న అండాకారపు గుర్తులో, ఇంగ్లండు రాజు మూడవ జార్జి తల నొత్తి, 4 షిల్లింగుల 9 పెన్నీలకు చెల్లునని విడుదల చేసిరి. ఆంగ్లభాషలో క్రౌనన్నచో కిరీటమనియు, 5 షిల్లింగుల నాణెమనియు రెండర్థములు. ఇద్దరు రాజుల తలలు కలిసియు ఒక్క కిరీటమునకు సరిపోలేదని జనులు పరిహసించిరి. పరిహాసముతో పోయినచో బాగుండెడిది. ఆ గుర్తు మిక్కిలి చిన్నది, ఒత్తుట సులభము. దొంగముద్రలు వెల్లువయ్యెను. 1804లో ఎనిమిది మూలల పెద్ద గుర్తు తెచ్చిరి. దానికిని దొంగలు పుట్టిరి. చివరకు బర్మింగుహామునందు మాథ్యూ బౌల్టను యంత్రములచే డాలరు ముఖమునంతటిని మరల అచ్చువేయించి, స్పెయిను రాజును పూర్తిగ చెరిపివేయవలసి వచ్చెను.

అట్టి దొంగడాలర్ల నేరమునకు శిక్ష పడినవారిలో విలియం హెన్షాల్ అను లోహపు పనివాడొకడు. 1805లో న్యాయస్థానము అతనికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధించెను. 1806లో అతడు సిడ్నీలో దిగెను. అతని చేతిలోని విద్య అతనితోకూడ దిగెను. దానితో ఆ స్థావరమునకు పని పడుటకు మరి ఆరేండ్లు పట్టినది.

1810 జనవరి 1న లాక్లన్ మక్వారీ గవర్నరుగ పదవి స్వీకరించెను. ఇతడు భారతదేశమున చాలకాలము సైన్యములో పనిచేసినవాడు. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో పాల్గొన్నవాడు. సిడ్నీకి ఆసుపత్రి కట్టింపదలచెను గాని ఖజానాలో డబ్బు లేదు. 1810లో ముగ్గురు గుత్తదారులతో ఒడంబడిక చేసికొని, భవనము కట్టినందులకు ప్రతిఫలముగ 45,000 గాలన్ల రమ్ము దిగుమతి చేసికొను హక్కును వారికి ఒసగెను. రోగులకు మందిచ్చు భవనమును సారాయితో కట్టవలసి రాగా, నాణెములు లేని రాజ్యము స్థితి గవర్నరునకు తెలియకపోలేదు.

మక్వారీ విన్నపములను లండను ప్రభుత్వము చివరకు ఆలకించి, 10,000 పౌండ్ల విలువగల స్పానిష్ డాలర్లు పంపుటకు అంగీకరించెను. ఆ డాలర్లను సమకూర్చినది చెన్నపట్టణమందలి ఈస్టిండియా కంపెనీ. ఆ దినములలో చెన్నపట్టణపు టంకసాల కూడ ఇట్టి పనిలోనే మునిగియుండెను. 1808 ప్రాంతమున అక్కడ వెండి అరవరాహలును పావువరాహలును ముద్రించుచుండిరి. వాని కొకప్రక్క చుక్కల నడుమ ఆలయగోపురము, రెండవప్రక్క దేవతామూర్తి. ఒకప్రక్క ఇంగ్లీషు, పారసీ లిపులలోను, రెండవప్రక్క అరవ, తెలుగు లిపులలోను నాణెము విలువ చెక్కబడినది. ఈ అరవరాహలలో కొన్నింటిని పరికించి చూచినచో, గోపురపు గీతల అడుగున స్పెయిను నాణెపు పాత గీతలు నేటికిని తొంగిచూచును. డాలరునే చెక్కి, దానిమీదనే కొత్త అచ్చు గ్రుద్దిరన్నమాట. పొటోసీ కొండలలోనో మెక్సికో గనులలోనో పుట్టిన వెండి తెలుగక్షరములు తొడిగికొని మన సంతలలో తిరిగినది. ఆ వెండిలోనే మరికొంత, తెలుగక్షరములు తొడుగకుండ, దక్షిణసముద్రమునకు పయనమైనది.

1812 నవంబరు 26న సమరాంగ్ అను రాజనౌక 40,000 డాలర్లతో సిడ్నీ చేరెను. మక్వారీ వానిని అట్లే పంచిపెట్టలేదు. పంచినచో అవి వచ్చిన త్రోవనే పోవునని అతనికి తెలియును. నడుమ బిళ్ల తొలిచి రెండు నాణెములు చేయింప నిశ్చయించెను. ఆ పని చేయగలవాడు ఊరిలో ఎవడని విచారింపగ, దొంగడాలర్ల నేరమున వచ్చిన హెన్షాలే కనబడెను. బ్యాంకు ముద్రను దొంగిలించినవాని చేతిలోనే ప్రభుత్వము తన ముద్రను పెట్టెను.

పని సులభముగ జరుగలేదు. తగిన యంత్రములు లేవు; పనిముట్లను అక్కడికక్కడే సమకూర్చుకొనవలసి వచ్చెను. కొన్ని నెలలలో ముగియునని తలచినపని ఏడాదికి పైబడినది. తుదకు 39,910 వలయములును, అన్నియే బిళ్లలును తయారైనవి. మిగిలినవి పనిలో చెడిపోయినవి. వలయమున కొకప్రక్క చిల్లి అంచున న్యూ సౌత్ వేల్సనియు, 1813 అనియు. రెండవప్రక్క అయిదు షిల్లింగులనియు చెక్కిరి. నడుమనుండి వచ్చిన బిళ్లపై నున్న పాతగుర్తులు చెరిపి, ఒకప్రక్క కిరీటమును, రెండవప్రక్క పదునైదు పెన్నీలను మాటయు ఒత్తిరి. ఆ ముద్రలోనే ఒక మూల హెన్షాల్ తన పేరు మొదటి అక్షరమును సన్నముగ చెక్కుకొనెను. పని ఎంత గుట్టుగ చేసినను పట్టుబడి శిక్ష ననుభవించినవాడు, ఈసారి తన గుర్తును బహిరంగముగ పెట్టుకొనగలిగెను.

ఇక ఇందలి లెక్కను విచారింతము. ఒక్కొక్క డాలరు 5 షిల్లింగుల చొప్పున 40,000 డాలర్లు 10,000 పౌండ్లు. వలయము 5 షిల్లింగులకు, బిళ్ల 15 పెన్నీలకు అనగా ఒక షిల్లింగు 3 పెన్నీలకు చెల్లును. కనుక రెండును కలిపిన 6 షిల్లింగుల 3 పెన్నీలైనవి. మొత్తముమీద ప్రభుత్వమునకు కలిసివచ్చినది సుమారు 2,500 పౌండ్లు. కాని లాభము ముఖ్యము కాదు. వలయములో మిగిలిన వెండి తొల్లింటి డాలరులో సుమారు అయిదింట నాలుగు పాళ్లే. సిడ్నీలో అది 5 షిల్లింగులకు చెల్లును. కలకత్తాలోనో, కాంటనులోనో తూకమువేసినచో 4 షిల్లింగులు మాత్రమే పలుకును. అట్టి నాణెమును ఓడలో వేసికొనిపోయిన వర్తకుడు ఒక్కొక్కదానిపై షిల్లింగు చొప్పున నష్టపోవును. ఊరి లోపల నిండు విలువ, ఊరి వెలుపల కొరత విలువ. ఇదియే ఆ చిల్లిలోని కిటుకు. 1800 నాటి ప్రకటన నాణెమును తాకలేదు. 1813 నాటి ఉలి తాకినది.

1813 జూలై 1న మక్వారీ ఈ నాణెములను చట్టసమ్మతముగ ప్రకటించెను. దొంగముద్రలు వేయువారికిని, వీనిని కరగించువారికిని శిక్షలు విధించెను. ఓడల నాయకులు ఈ నాణెములను దేశము దాటింపమని పూచీ వ్రాసియీయవలెననెను. 1814 ఆరంభమున నాణెములు ప్రజల చేతికి వచ్చెను. రమ్ము బేరము నాటితో మాయమైనదని మేము చెప్పము. వేళ్లూనిన దురాచారము ఒక్కనాట పోదు. కాని కష్టపడినవాడు సాయంకాలమున అంగట మార్చుకొనుటకును, రేపటికి దాచుకొనుటకును వీలైన వస్తువొకటి చేతిలో నిలిచినది. 1817 ఏప్రిలులో బ్యాంకు ఆఫ్ న్యూ సౌత్ వేల్సు తలుపులు తెరచెను.

ఉలి ఒక్కటియే చాలునా? చాలదని మరియొక దీవి కథ చెప్పుచున్నది. సరిగ అదే సంవత్సరము, 1813లో, కెనడా తూర్పుతీరమున నున్న ప్రిన్సు ఎడ్వర్డు ద్వీపపు గవర్నరు చార్లెస్ డగ్లస్ స్మిత్ వేయి డాలర్లకు ఇట్లే చిల్లులు వేయించెను. వలయము 5 షిల్లింగులు, బిళ్ల ఒక షిల్లింగు. ముద్ర సులభమైనదగుటచే దొంగనాణెములు వెంటనే పుట్టినవి. 1814లో ప్రభుత్వము వానిని వెనుకకు తీసికొనెను. విచిత్రమేమనగ, అసలు నాణెములు పోయిన పిదప, మిగిలిన దొంగనాణెములనే తాము తీసికొందుమని అక్కడి వర్తకులు తమలో తాము కట్టుబాటు చేసికొనిరి. చిల్లర లేక అంగళ్లు మూసికొనుటకంటె అదియే మేలని తోచినది. ప్రభుత్వపు ముద్ర చెల్లనిచోట ఊరివారి మాట చెల్లినది.

ముద్ర ఎల్లప్పుడు నాణెమును నిలుపుటకే వేయబడినదనుకొనరాదు. ఫిలిప్పీను దీవులలో దాని పని వేరు. 19వ శతాబ్ది తొలిభాగమున మెక్సికో, పెరూ మున్నగు దేశములు స్పెయినుపై తిరుగబడి స్వతంత్రములై, తమ స్వాతంత్ర్యమును తమ నాణెములమీదనే చాటుకొనెను. ఫిలిప్పీనులు మాత్రము ఇంకను స్పెయిను చేతిలోనే ఉండెను. అక్కడికి వచ్చు వెండి ఆ దేశములనుండియే రావలెను. ఆ నాణెములను ప్రజలు చదివినచో ప్రమాదము. వలదన్నచో ద్రవ్యము లేదు. 1828లో మనీలా అధికారులు, రాజాజ్ఞచే ఇది చెల్లునను అర్థమిచ్చు వాక్యమును ఆ నాణెములమీద మరల గ్రుద్దించి క్రింది మాటలను చెరుపబూనిరి. 1832 మొదలు 1837 వరకు రాజు పేరును, పిమ్మట రాణి పేరును తెలుపు చిన్నగుర్తును వేసిరి. ఆ గుర్తు క్రింద స్వాతంత్ర్యమను మాట చాలవరకు అట్లే యుండెను. వెండిని స్వీకరించి వార్తను నిరాకరించుట సాధ్యము కాలేదు.

చీనాలోనైతే రాజముద్రతోనే నిమిత్తము లేకపోయెను. డాలరుపై నున్న పరదేశపు రాజెవడైనను వర్తకునకు పట్టదు. తన చేతికి వచ్చిన నాణెమును పరీక్షించి, మంచి వెండియని తేల్చుకొని, తన అంగడి గుర్తును దానిపై కొట్టెడివాడు. అనగా, దీని మంచికి నేను పూచీయని. పదిచేతులు మారునప్పటికి పది గుర్తులు. మరింతకాలమునకు రాజు ముఖము గుర్తింపరాకపోయెడిది. ఆ గుర్తులకు ఆంగ్లేయ వర్తకులు పెట్టిన పేరు చాప్. అది మన దేశపు ఛాప్ అను మాటయే. వెండి పరీక్షించువానికి అక్కడ వాడుకైన పేరు ష్రాఫ్. అది మన షరాబే. నేటికిని హాంగుకాంగులో రుసుము వసూలుచేయు గుమాస్తా గదిపై ఆ పేరు కనబడును. మన షరాబు గీటురాయి చంకబెట్టుకొని అంతదూరము నడచినాడు.

ఇక సిడ్నీ నాణెము కడపటి దినములు. 1820 తరువాత ఇంగ్లండు నాణెములు వలసరాజ్యములకు తగినన్ని రాసాగెను. 1822 మొదలు చిల్లిడాలర్లను వెనుకకు తీసికొనసాగిరి. 1829లో అవి చట్టరీత్య చెల్లుబడిని కోల్పోయెను. చాలభాగము కరగిపోయినది. నేడు లోకములో మిగిలిన వలయములు సుమారు 300, బిళ్లలు సుమారు వేయి మాత్రమే. రమ్ముతో కట్టిన ఆసుపత్రి మాత్రము కొంత నిలిచియున్నది. దాని యొక భాగమున నేడు న్యూ సౌత్ వేల్సు శాసనసభ కూడుచున్నది. మరియొక భాగమున 1855లో రాజటంకసాల శాఖ వెలసి, ఆస్ట్రేలియా బంగారముతోనే నాణెములు ముద్రించెను. ద్రవ్యము లేక సారాయితో కట్టిన గోడల నడుమనే ఆ దేశము తన సొంత ద్రవ్యమును ముద్రించుకొన్నది.

ఈ ముద్రలన్నింటి క్రిందను ఉన్నది ఒకే వెండి. సిడ్నీలో ముద్ర దానిని కట్టివేసినది. మనీలాలో దాని నోరు మూయజూచినది. చీనాలో దానికి పూచీపడినది. చెన్నపట్టణమున దానికి మన అక్షరములు తొడిగినది. వెండి విలువ ఎంతయైనను, అది ద్రవ్యమై కూలివాని యింటికి చేరుటకు మాత్రము అక్కడివారి సమ్మతి ఒకటి కావలసి వచ్చినది. ఆ సమ్మతి లేనిచోట రాజు తలయున్న నాణెము సైతము ఓడ యెక్కి పోయినది. ఉన్నచోట దొంగనాణెము కూడ నిలిచినది.

ఆస్ట్రేలియా ప్రదర్శనశాలలలో ఆ వెండి వలయమును చూచినవారికి ఒక విశేషము కనబడును. వెలుపలి అంచున స్పెయిను రాజు పేరు చెక్కుచెదరక యున్నది. రాజు ముఖమున్నచోట చిల్లి యున్నది. ఆ చిల్లి అంచునే, ఖైదీలతో నెలకొన్న ఒక కొత్తసీమ పేరు, ఒక ఖైదీ చేతితో చెక్కబడి యున్నది.